సాగర్ రోడ్డు మీదుగా సముద్రానికి

మా ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డు పోతుంది. ఆ రోడ్డు పక్కన భూమి లోపల కృష్ణ నీళ్లు ఎదురు దిక్కున నడుస్తుంటాయి. పుట్టంగండి దగ్గర నాగార్జునసాగర్ జలాశయం నుంచి ఎత్తిన నీటిని అక్కంపల్లికి, అక్కడి నుంచి కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి తెస్తారు. శుద్ధి చేసిన నీరు పెద్ద పైపుల్లో మా పక్క గున్‌గల్ మీదుగా హైదరాబాదు చేరుతుంది. 2004లో మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది వచ్చాయి. ఆ నీళ్లు వచ్చే దారినే ఫిబ్రవరిలో ఒక శనివారం తెల్లవారకముందే మేం నలుగురం కారులో దిగువకు బయల్దేరాం.

ముందురోజు రాత్రి దాకా ఎవరికీ ఆ ఆలోచన లేదు. ఆదిభట్ల కంపెనీల్లో పనికి వచ్చి మా గల్లీలో గది తీసుకున్న ముగ్గురు కుర్రాళ్లతో నాకు కొత్తగా స్నేహం కుదిరింది. ఒకరిది చీరాల, ఒకరిది ఖమ్మం, ఇంకొకరిది కర్నూలు. చాయ్ తాగుతుంటే చీరాల అబ్బాయి, "అన్నా, మీ చెరువు చూపించావుగా. మా సముద్రం చూద్దువుగాని పద, రేపే పోదాం" అన్నాడు. చీరాల దగ్గర ఓడరేవులో మొదలుపెట్టి తీరం వెంట సూర్యలంక, నిజాంపట్నం చూసుకుంటూ, పెనుమూడి వంతెన దాటి కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా పోవాలని అక్కడికక్కడే అనుకున్నాం.

అతనికి నేను చూపించిన చెరువు గురించి ముందు చెప్పాలి. ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిదిగా చెప్పుకునే మా పెద్ద చెరువు పేరూ, ఊరి పేరూ ఆ సుల్తానువే. వాన నీళ్లతోనే నిండడం కష్టమని నిజాం కాలంలో దూరాన చందనవెల్లి దగ్గర ఈసీ వాగు నుంచి ఒక కాలువ తవ్వారు. దాని పేరు ఫిరంగి నాలా. దారిలో ఒక్కో చెరువునూ నింపుకుంటూ చివరికి మా చెరువులో పడేలా వాటం చూసి తవ్విన కాలువ అది. ఆ వాటం చూసినవాళ్ల నేర్పు తలచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కబుద్ధవుతుంది.

నా చిన్నతనంలో ఆ చెరువు నిండుగా ఉండగా చూడలేదు. శిఖంలో బర్లు మేసేవి, పిల్లలం అక్కడే క్రికెట్ ఆడేవాళ్లం. కట్ట మీద కూర్చుని మా తాత, ఫలానా ఏడు అలుగు దుంకినప్పుడు దిగువ పొలాల్లో ఎంత వరి పండిందో చెప్తుంటే కథలాగే వినేవాణ్ణి. ఇటు చెరువు ఎండుతుంటే అటు బోర్లు లోతుకు పోయాయి. తాత బావిలో చేద తాడుకు అందిన నీళ్లు, మా నాన్న కాలానికి వందల అడుగుల కింద రాతి సందుల్లో దొరికాయి. చెరువు ఎండింది వానలు తగ్గినందుకే అనుకుంటే సగం నిజమే తెలిసినట్టు. నాలా పొడవునా ఎక్కడికక్కడ మట్టి పోశారు, గోడలు కట్టారు, ప్లాట్లు గీశారు. ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి, వెంచర్లు వచ్చాయి. నీళ్లు వచ్చే దారిని మాత్రం ఎవరూ దారిగా చూడలేదు. 2022 వానలకు దశాబ్దాల తరువాత చెరువు నిండి అలుగు పారినప్పుడు ఊరు ఊరంతా కట్ట మీదే ఉంది. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. వానదేవుడు కరుణించాడని అందరూ అన్నారు. కరుణించిన మాట నిజమే. కానీ ఆ ఒక్క ఏడు నిండినంత మాత్రాన తెగిన నాలా అతుక్కుందా?

యాచారం దాటుతుంటే కర్నూలు అతను, "ఫార్మా సిటీ ఇక్కడేనా?" అని అడిగాడు. రోడ్డుకు కుడి వైపు లోపల మేడిపల్లి, నానక్‌నగర్, తాడిపర్తి, కుర్మిద్ద ఉన్నాయని చెప్పాను. 19 వేల ఎకరాలకు పైగా అనుకున్న ఆ ప్రాజెక్టు కోసం పట్టాలు పోగొట్టుకున్న రైతులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ప్రభుత్వం మారింది, ప్రాజెక్టుల పేర్లు మారాయి. పోయిన భూమి మాత్రం తిరిగి చేతికి రాలేదు. మాల్ దాటితే ఎడమ వైపున మర్రిగూడ ప్రాంతం. అక్కడ భూమిలో నీళ్లు ఉన్నా ఫ్లోరైడ్ ఎముకలు వంచింది. నడవలేని పిల్లల్ని చంకనెత్తుకుని తల్లులు దశాబ్దాల పాటు మంచినీటి కోసం కొట్లాడారు. ఆ ఊళ్లకు కృష్ణ నీళ్లు వచ్చింది ఆ కొట్లాట వల్లే. ఏ నాయకుడూ ఊరికే ఇచ్చింది కాదు.

నాగార్జునసాగర్ దగ్గర అరగంటే ఆగాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాం, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన డ్యాం. యంత్రాలకన్నా మనుషుల చేతులే ఎక్కువ రాళ్లు పేర్చాయి. ఆ నీటి కింద ఇక్ష్వాకుల విజయపురి ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి బయటపెట్టిన స్తూపాల్లో, కట్టడాల్లో కొన్నిటిని కొండ మీద తిరిగి నిలిపారు. రాళ్లకు మ్యూజియం దొరికింది. కొంప, గోడు వదిలి పైకెక్కిన ఊళ్లవాళ్లు ఎక్కడ పడితే అక్కడ సర్దుకున్నారు. నల్లగొండ, గుంటూరు, ప్రకాశం పొలాలు ఈ నీటితో పండాయి, అది కాదనలేను. ఊళ్లు వదిలినవాళ్ల మనవళ్లకు అందులో వాటా ఎంత దక్కిందనే లెక్క మాత్రం ఎక్కడా కనిపించదు.

మాచర్ల, కారంపూడి, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు. పల్నాడు ఎండ, సున్నపురాయి లారీలు, మిర్చి ఆరబోసిన కళ్లాలు, ఆ తరువాత నల్లరేగడి. ఇంతకుమించి నాకు గుర్తు లేదు. చీరాల చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ఓడరేవులో సముద్రం చూసి ఖమ్మం అతను ప్యాంటు మడిచి నీళ్లలోకి పరుగెత్తాడు. నాకూ ఆనందమే. గాలి, ఒడ్డున వరసగా ఫైబర్ పడవలు, అలివి వల లాగుతున్న మనుషులు, ఇసుక మీద ఆరేసిన చేపల వాసన. కానీ చీరాల అబ్బాయి మమ్మల్ని చీకటి పడకముందే వేటపాలెం వైపు వాళ్ల పెద్దమ్మ తోటకు తీసుకుపోయాడు. ఆ రోజు నేను చూసిన అసలు వింత అక్కడే ఉంది.

సముద్రపు హోరు వినపడేంత దగ్గర్లో, జీడిమామిడి చెట్ల నడుమ, ఇసుకలో నిలువెత్తు కూడా లేని గుంట. వాలుగా దిగడానికి దారి. అడుగున తేటగా నీళ్లు. దాన్ని దొరువు అంటారు. పెద్దమ్మ రెండు బిందెలతో దిగి ముంచుకుని పైకొచ్చి నారుమడి మీద చల్లుకుంటూ నడిచింది. దోసిలి పట్టి తాగాను. ఉప్పు జాడే లేదు.

"ఏ ఊరు నాయనా మీది?" అని అడిగింది. ఇబ్రహీంపట్నం అన్నాను. "బెజవాడ కాడ కరెంటు ఫ్యాక్టరీ ఉందే, ఆ ఊరేనా?" అంది. కాదమ్మా, హైదరాబాదు పక్కది, మాకు నీళ్లకు వందల అడుగులు తవ్వాలన్నాను. "అంత లోతా! మాకు ఇక్కడ అంత లోతుకుపోతే ఉప్పే. పైపైన తీసుకుంటేనే తియ్యన. మా అత్త కూడా ఇట్టాగే తోడింది" అంది. అటు తల తిప్పి, "ఆ గట్టు అవతల దొరువుల్లో నీళ్లు ఇప్పుడు గొడ్డుకు కూడా పనికిరావు" అని చూపించింది. గట్టు అవతల రొయ్యల చెరువులు. ఏరేటర్లు నురగ కొడుతున్నాయి.

పెద్దమ్మ చెప్పినదాని వెనక ఉన్న శాస్త్రం ఇది. ఇసుకలో ఇంకిన వాన నీరు ఉప్పు నీటికన్నా తేలిక కనుక, నీటి మీద నూనెలా దాని పైన తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్ర మట్టానికి 1 అడుగు ఎత్తున ఉంటే, కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని శాస్త్రజ్ఞుల లెక్క. ఆ లెక్కే తిరగేస్తే భయం వేస్తుంది. మోటారు పెట్టి మట్టాన్ని 1 అడుగు తగ్గిస్తే, అడుగు నుంచి ఉప్పు నీరు 40 అడుగులు పైకి ఎక్కుతుంది. బిందెతో తోడే చేతికి ఆ శక్తి లేదు కనుకే దొరువు తరాల పాటు నిలిచింది. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఈ పద్ధతిని పక్కన పెట్టకుండా, ఇసుకలో చిల్లుల గొట్టాలు పరిచి పైపొర నీటినే నెమ్మదిగా తీసుకునేలా మెరుగుపరిచారు. మంచి పని. అయినా పక్కనే ఉప్పు చెరువు తవ్వితే ఏ గొట్టమూ కాపాడలేదు.

ఉప్పు నీళ్లు తెచ్చి ఇసుక నేలలో నిలబెడితే అవి కిందకి ఇంకుతాయి. పట్టుబడి అయ్యాక మురుగు కాలువలోకి వదులుతారు. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీర నియంత్రణ పరిధిలో సంప్రదాయేతర రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి నమోదు పద్ధతి కింద దారి తెరిచింది. 2009లో వనామీ రొయ్యను అనుమతించాక చెరువుల జోరు పెరిగింది. 2023 సవరణ ఆ దారిని ఇంకా వెడల్పు చేసింది. రొయ్య వల్ల బతుకుతున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, వాళ్లమీద నాకు కోపం లేదు. నా కోపం చట్టం మీద. నీళ్లు పాడు చేసినవాడే నష్టం కట్టాలని తీర్పులో ఉంది. పెద్దమ్మ పొరుగున ఉప్పెక్కిన దొరువులకు ఎవరు కట్టారు?

మరునాడు పొద్దున దక్షిణంగా మోటుపల్లికి పోయాం. ఒకప్పటి పెద్ద రేవు, ఇప్పుడు చిన్న ఊరు. ఓరుగల్లు నుంచి పాలించిన గణపతిదేవుడు 1244లో ఇక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవాళ్లు. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని ఆయన రాతి మీద చెక్కించాడు. ప్రాణానికి తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ల సొమ్ము ముట్టుకోవడం అన్యాయమని నేల నడుమ కూర్చున్న పాలకుడికి తట్టింది. ఆ తరువాత మార్కో పోలో ఈ తీరపు సన్నని బట్టల గురించీ, ఇక్కడి రాణి గురించీ రాశాడు. ఆ నేత వారసత్వం చీరాల మగ్గాల మీద ఇంకా కొట్టుకుంటోంది.

చీరాలకు తిరిగొస్తూ రామ్‌నగర్ సంగతి అడిగాను. 1921లో మునిసిపల్ పన్నులు కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల, పేరాల జనం వేల సంఖ్యలో ఇళ్లు వదిలి ఊరి బయట రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఎండకు, వానకు, జబ్బులకు ఓర్చారు. తమ ఊరి గురించి తామే నిర్ణయించుకోవాలన్నదే వాళ్ల పట్టుదల. ఇప్పుడు అదే తీరంలో ఒక రిసార్టు ఎన్ని బోర్లు వేస్తోందో పక్క తోటవాడికి తెలియదు, పంచాయతీలో అడిగితే కాగితం దొరకదు. ఓడరేవు నుంచి రామాపురం దాకా రిసార్టులు పెరిగాయి. మాలాంటి వారాంతపు జనం కోసమే అవి. ఈత కొలను, పచ్చిక, ప్రతి గదిలో షవరు. అవన్నీ నడిచేది దొరువులు నిలిచిన ఆ పలచని పొర మీదే.

సూర్యలంక చేరేసరికి సాయంత్రం నాలుగు. సరుగుడు తోటల పక్కన కార్లు బారులు తీరాయి. ఒడ్డు కోలాహలంగా ఉంది. పిల్లలు గవ్వలు ఏరుతున్నారు. ఇసుక దిబ్బల్ని చదును చేసిన చోట్లు చూపిస్తూ చీరాల అబ్బాయి 1977 ఉప్పెన గురించి చెప్పాడు. ఆ ఏడు నవంబరు 19న నిజాంపట్నం, దివిసీమ వైపు సముద్రం ఊళ్ల మీద పడి వేలమందిని తీసుకుపోయింది. దిబ్బ, సరుగుడు, మడ చెట్టు అలలకు అడ్డం నిలిచే గోడలని ఆ రోజు బతికినవాళ్లకు తెలుసు. ఆ దిబ్బే వాన నీటిని పట్టి ఉంచే పాత్ర కూడా. దాన్ని తవ్వితే గోడా పోతుంది, పాత్రా పోతుంది.

హంసలదీవి చేరలేదు. సోమవారం ముగ్గురికీ పొద్దున షిఫ్టు. సూర్యలంక నుంచే వెనక్కి తిరిగాం. దారి పొడవునా ఖమ్మం అతను, చీరాల అతను రొయ్యల చెరువుల మీద వాదించుకున్నారు. ఖమ్మం అతని బావ రొయ్యల మేత వ్యాపారంలో ఉన్నాడు. ఆ వాదన తేలలేదు, స్నేహం మాత్రం గట్టిపడింది.

రంగారెడ్డి జిల్లా అధికారులను నేను కోరేది ఫిరంగి నాలాను మొదటి నుంచి చివర దాకా కొలిచి, హద్దురాళ్లు పాతి, ఆ పటాన్ని ప్రతి పంచాయతీ గోడ మీద పెట్టమని. బాపట్ల జిల్లాలో దొరువు ఉన్న ప్రతి తోటనూ నీటి వనరుగా రికార్డుల్లో ఎక్కించాలి. దాని చుట్టూ ఉప్పు చెరువుకు, లోతు బోరుకు అనుమతి ఇవ్వకూడదు. ఆ తీరానికి పోయే చదువరులకు ఒక మాట: గది తీసుకునే ముందు, ఈ నీళ్లు ఎక్కడివి, బోరు ఎంత లోతు అని అడగండి. జవాబు చెప్పని చోట దిగకండి.