తీన్ పానీ

సాఫ్ వేరు, పాక్ వేరు. ఈ తేడా చెప్పకుండా మా ఇళ్లలో ఏ ఆడపిల్ల చేతికీ బకెట్ ఇవ్వరు. నల్లరేగడి చేనులో పొద్దంతా పనిచేసి వచ్చిన మనిషి కుర్తా మట్టి కొట్టుకుపోయి ఉంటుంది, చెమట వాసన కొడుతుంది. అది సాఫ్ కాదు, కాని పాక్. దాంతో నమాజ్ చదువుకోవచ్చు. మల్లెపువ్వు లాంటి ఇస్త్రీ లాల్చీ మీద పసిపిల్ల ఉచ్చపోస్తే అది ఆరిపోయిందనుకోండి. చూడ్డానికి సాఫే, కాని నాపాక్. తెలుగులో రెండింటికీ కలిపి శుభ్రం అనే ఒక్క మాటే వాడుతాం. అందుకే బడిలో ఈ సంగతి విప్పి చెప్పడం నాకెన్నడూ కుదరలేదు. బడిలో నేను విన్నది మాత్రం ఒకటే. తురకోళ్లు మురికోళ్లు, జుమ్మాకోసారి తానం చేస్తరు. ఆ మాటన్న పిల్ల నా పక్కనే కూచునేది. ఆ రోజు నా ఒంటి మీది లంగా జాకెట్టు మూడు నీళ్లు తాగి వచ్చినవి. ఆ మూడు నీళ్లూ మా అమ్మీ ముంజేతుల మీదుగా పోయినవే.

మాది జుక్కల్. 2016 దాకా నిజామాబాద్ జిల్లా, ఆ తర్వాత కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజన్. ఒకపక్క మహారాష్ట్ర దెగ్లూర్, ఇంకోపక్క కర్ణాటక ఔరాద్. 1956 దాకా అందరం ఒక్క హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాం. గీతలు పటం మీద పడ్డాయి గాని నోటి మీద పడలేదు. బట్టలుతకడాన్ని మా దిక్కు తెలుగోళ్లు పిండుడు అంటారు, మరాఠీవాళ్లు ధుణే అంటారు, కన్నడం మాట్లాడేవాళ్లు ఒగె అంటారు, మేం ధోనా అంటాం. వాగు ఒడ్డున ఈ నాలుగు భాషలూ కలిసేవి. ఆ కలయిక మా అమ్మీకి తెలియదు. మా ఇంటి ఆడోళ్లది గోషా.

మేమేదో నవాబుల ఖాందాన్ కాదు. అబ్బా దర్జీ. పూటకు లేకపోయినా పర్దా ఉండాలి, పర్దా ఉంటేనే షరీఫ్. మాకంటే పేద ముస్లిం ఇళ్ల ఆడోళ్లు కూలికి పోయేవాళ్లు, వాగుకు పోయి బట్టలు పిండుకునేవాళ్లు, అక్కడ నలుగురితో నవ్వుకునేవాళ్లు. వాళ్లను చూసి మా దాదీ మూతి విరిచేది. వాళ్ల బట్టలకు పారే నీళ్లు దొరికేవి. మా బట్టల దగ్గరికి నీళ్లు రావాలి. ఫజర్ అజాన్‌కు ముందే, ఊరు లేవకముందే, బుర్ఖా వేసుకుని అమ్మీ బోరింగ్ కొట్టేది. బట్టల రోజయితే పది పన్నెండు బిందెలు.

జుమేరాత్ బట్టల రోజు. తెల్లారితే జుమ్మా, మొగోళ్లు తెల్లబట్టల్లో మసీదుకు పోవాలి. పెరట్లో గుసల్‌ఖానా పక్కన మోరి, మోరిలో ఒక బండ. ముందు ఏరుడు. పసిపిల్లల గుడ్డలు ఒక కుప్ప, మామూలు బట్టలు ఒక కుప్ప. నమాజ్ దుపట్టాలు అసలు కింద పెట్టకుండా దండెం మీదే. నాపాక్ బట్టతో కలిసి తడిస్తే పాక్ బట్ట కూడా పోతుంది. బోరింగ్ నీళ్లలో సున్నం ఎక్కువ. సబ్బు రుద్దితే నురుగు రాదు, పాలు విరిగినట్టు తెల్లటి తెట్టు కడుతుంది. సోడా కలిపితే నీళ్లు మెత్తబడి నురుగొస్తుంది. ఆ సోడా బట్టను వదిలినా చేతిని వదలదు. చలికాలం అమ్మీ వేళ్ల సందుల్లో నెత్తురు కనపడేది. ఈద్ వస్తే ఆ పగుళ్ల మీదే మెహందీ.

ఉతికాక అసలు పని మొదలు. తీన్ పానీ. కొత్త నీళ్లు పోసి ముంచి, మెలిపెట్టి, ఆఖరి చుక్కదాకా పిండాలి. ఆ నీళ్లు పారబోసి బకెట్ కడిగి మళ్లీ. ఆ తర్వాత మళ్లీ. ఏక్, దో, తీన్ అని అమ్మీ పైకే లెక్కపెట్టేది. మధ్యలో ఎవరన్నా పిలిచి లెక్క తప్పితే మొదటికొచ్చేది. దుప్పటి పిండడానికి ఇద్దరు కావాలి. ఆ రెండో కొస నాది. నల్లరేగడి మరక మూడు నీళ్లకు కాదు గదా, ముప్పై నీళ్లకు కూడా పోదు. పోకున్నా ఫర్వాలేదు, మట్టి పాక్. అమ్మీకి దొరికిన సడలింపు అదొక్కటే.

ఆరేయడానికీ పర్దానే. ఆడోళ్ల బట్టలు లోపలి దండెం మీద. నెల బట్టలు ఇంకా లోపల, పాత దుపట్టా కింద, ఎండ తగలని చోట. ఎండ తగలని గుడ్డ సరిగా ఆరదు, ముక్కవాసన వస్తుంది. ఆ గుడ్డ తెచ్చే ఒరుపులూ పుండ్లూ ఎవరికీ చెప్పుకునేవి కావు. ఇంత దాపరికం దీన్‌లో ఉందా అని పెద్దయ్యాక వెతికితే హదీసుల్లో ఒకామె కనపడింది. ఆమె నేరుగా ప్రవక్త (స) దగ్గరికొచ్చి, బట్టకు నెలసరి నెత్తురు అంటితే ఏం చేయాలని అడిగింది. గీరి, నీళ్లతో నులిమి, కడిగి, అదే బట్టతో నమాజ్ చదువుకోమని జవాబు. అస్మా బిన్తె అబూబకర్ చెప్పగా బుఖారీ, ముస్లిం గ్రంథాలకెక్కిన సంగతి ఇది. కడిగినా మరక పోకపోతే ఎట్లా అని ఇంకో ఆమె అడిగితే, నీళ్లు చాలు, మరక ఉన్నా నష్టం లేదన్నారని అబూదావూద్‌లో ఉంది. ఈ ఇద్దరూ ఎవరి చేతా అడిగించలేదు. వాళ్లే పోయి అడిగారు. పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత జుక్కల్‌లో మా అమ్మీ అదే ప్రశ్నను సొంత అత్తను కూడా అడగలేకపోయింది.

ధోబన్ మా ఇంటికి రాకపోలేదు. రజాయి గలీబులు, పెద్ద చద్దర్లు ఆమె మూట కట్టుకుపోయేది. సౌడు పెట్టి, బానలో ఉడకేసి, రేవు బండకు కొట్టి తెస్తే వచ్చే తెలుపు మా సోడా సబ్బుకు ఏనాడూ రాలేదు. ఆ తెల్లటి మూటను దాదీ అలమారాలోకి పోనిచ్చేది కాదు. తీన్ పానీ అయ్యాకే. పది ఇళ్ల బట్టలు కలిపి తడిపిందో ఏమో అని షక్. షక్ యకీన్‌ను కొట్టేయలేదన్నది ఫిఖహ్‌లో మొదటి పాఠాల్లో ఒకటి. అయినా సరే.

మడి మనిషి తాకితే పోతుంది. పాకీ అట్లా పోదు. ఉచ్చ, నెత్తురు లాంటిది ఏదన్నా అంటితేనే బట్ట నాపాక్, మనిషి చెయ్యి తగిలితే కాదు. ఆ చెయ్యి ఎవరిదైనా సరే. ఇది మేం గర్వంగా చెప్పుకునే మాట. మరి ధోబన్ చేతి మీద ఆ అనుమానం మా దాదీకి ఎక్కడిది? మతం మారినా మారకుండా మిగిలిన జాగాల్లో ఇదొకటి. ఆమె హిందువు గనుక అని సర్దుకుందామంటే ముస్లిం ధోబీల సంగతేమిటి? 2007లో పి.ఎస్.కృష్ణన్ నివేదిక ఆధారంగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. ఆ జాబితాలో ధోబీ ముస్లిం, తురక చాకల, ముస్లిం రజక అనే పేర్లు వరసగా అచ్చయ్యాయి. సయ్యద్‌లు, మొగల్‌లు, పఠాన్‌లు ఆ జాబితాలో లేరు. మాలో కులం లేదని వేదికలెక్కి చెప్పేవాళ్లు ఆ కాగితాన్ని ఒకసారి పైకి చదవాలి. మసీదులో ధోబీ భుజం, సయ్యద్ భుజం కలుస్తాయి, అబద్ధం కాదు. పెళ్లి మాటల్లో కలవవు. చాకిరీ అనే మాట తెలుగులో ఎంత కలిసిపోయిందో చూడండి. అది ఫారసీ చాకర్ నుంచి వచ్చింది, నౌకరు అని అర్థం. దాన్ని తెచ్చింది దర్బారులే గాని దర్జీలు కాదు. వెట్టి పక్కన చేరి అది ఎవరి నడుములు విరిచిందో తెలంగాణకు చెప్పే పని లేదు.

మిషన్ మా ఇంటికి దుబాయ్ పైసలతో వచ్చింది. భాయ్‌జాన్ అక్కడ క్యాంపు గదిలో ఎనిమిది మందితో ఉండేవాడు. సెలవు రోజు పొద్దున్నే వరస కట్టి, తన బట్టలు తానే పిండుకునేవాడు. ఇక్కడున్నన్నాళ్లూ తన బనీను తాను తడిపినవాడు కాదు. అక్కడికి పోయాక అమ్మీ చేతులు యాదికొచ్చినట్టున్నాయి. తిరిగొచ్చిన ఏడాది దెగ్లూర్ నుంచి రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ తెచ్చాడు.

దాదీ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇస్కూ కల్మా ఆతా క్యా?" అన్నది. అందరం నవ్వాం. నవ్వడం అయిపోయాక ఆ మాటే ఇంటి చట్టమైంది. మిషన్ మురికి వదిలిస్తుంది, పాక్ చేయదు. కాబట్టి మిషన్‌లో తిరిగిన బట్టలన్నిటినీ అమ్మీ మోరిలో వేసి మళ్లీ తీన్ పానీ. ఒక్క పని రెండు పనులైంది. అబ్బా కుట్టుమిషన్‌ను మాత్రం ఎవరూ కల్మా అడగలేదు. అది కుట్టిన లాల్చీలతో సగం ఊరు నమాజ్ చదివింది. దాని ముందు కూచున్నది మొగోడు మరి.

మసలా ఏమిటో చూద్దాం. మా దిక్కు ఎక్కువమందిమి హనఫీలం. కంటికి కనపడని నజాసత్ అయితే మూడుసార్లు కడిగి ప్రతిసారీ పిండాలన్నది హనఫీ ఫిఖహ్ మాట. అదీ బకెట్‌లో కడిగినప్పుడు. పారే నీళ్లయినా, ధారగా పోసే నీళ్లయినా లెక్క అక్కర్లేదు, పోయిందని మనసుకు గట్టిగా అనిపిస్తే చాలు. షాఫయీలకు మామూలు నజాసత్‌కు ఈ మూడు లెక్కే లేదు. మిషన్ సబ్బునీళ్లు వదిలేసి, కొత్త నీళ్లతో జాడించి పిండుతూ పోతే బట్ట పాకే అని ఉలమాలు ఎందరో చెప్పారు. సెమీ ఆటోమేటిక్ అయితే సబ్బునీళ్లు తీసేసి కొత్త నీళ్లతో మనమే జాడించుకోవాలి. నల్లా కింద పెట్టినా సరిపోతుంది.

ఇంత చిన్న సంగతి మా ఇంటి గడప తొక్కడానికి ఏళ్లు పట్టింది. ఆడోళ్లకు మసీదు లేదు. మసలా అడగాలంటే మొగోడి నోటితో అడగాలి. అమ్మీ అబ్బాకు చెప్పేది, అబ్బా ఎవరినో అడిగేవాడు, ఆ మనిషి ఇంకెవరినో. అది తిరిగొచ్చేసరికి జవాబు ఒక్క మాటకు కుదించుకుపోయేది. ఎహ్తియాత్. చెల్లుతుంది గాని, ఎందుకైనా మంచిది, మూడు నీళ్లు తీసెయ్. ఆ జాగ్రత్తకు అయ్యే నీళ్లు అడిగినాయన మోయలేదు, చెప్పినాయన మోయలేదు. 2019లో దేశమంతటా తీసిన టైం యూజ్ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెడుతుంటే, ఇంటిపని చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఇది అన్ని మతాల లెక్క. మా ఇంట్లో అబ్బా నిమిషాలు సున్నా. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, బట్టలు కుట్టుకునేవారు, చెప్పులు బాగుచేసుకునేవారు, ఇంటిపనిలో ఉండేవారని హజ్రత్ ఆయిషా చెప్పారు. గడ్డం సున్నత్ అందరికీ గుర్తుంది. ఈ సున్నత్ విషయంలో ఎహ్తియాత్ పాటించిన మొగోణ్ని నేను మా గల్లీలో చూడలేదు.

ఉద్యోగం కోసం బాన్సువాడలో కిరాయి ఇల్లు వెతికినప్పుడు ఒక ఇంటాయన, మీవాళ్లు ఇల్లు నీట్‌గా ఉంచరు అని ఇవ్వనన్నాడు. అదే వారం ఇంకొక ఇంటామె, మీవాళ్లు పొద్దాకా కడుగుతూనే ఉంటరంట, నా బోరు ఎండిపోతది అన్నది. ఇద్దరినీ ఒకచోట కూచోబెట్టి మాట్లాడుకోనిస్తే బాగుండేది. ఈ కథంతా విన్న సెక్యులర్ మిత్రుడొకడు, మీ మతంతోనే వచ్చింది తంటా అంతా అన్నాడు. వాళ్లింట్లో మడి చీర ఎవరు పిండుతారని అడిగాను. అమ్మ అన్నాడు.

దాదీ పోయింది. ఇప్పుడు ఇంట్లోకే మిషన్ భగీరథ నల్లా వచ్చింది. భాబీ ఫుల్ ఆటోమేటిక్ కొనిపించింది. కొనిపించే ముందు ఆమె భాయ్‌జాన్‌తో అడిగించలేదు. ఆడపిల్లల మదర్సాలో చదువు చెప్పే ఒక ఆలిమాకు తనే ఫోన్ చేసి, మిషన్ ఎన్నిసార్లు నీళ్లు మారుస్తుందో చెప్పి, జవాబు తీసుకున్నది. మోరిలో తీన్ పానీ ఆ రోజుతో బంద్. అమ్మీ ఏమీ అనలేదు. మిషన్ తిరుగుతున్నంతసేపు పక్కన పీట వేసుకుని కూచుంటుంది. నీళ్లు వదిలి కొత్త నీళ్లు పట్టే చప్పుడైనప్పుడల్లా పైకే లెక్కపెడుతుంది. ఏక్. దో. తీన్. తన నమాజ్ దుపట్టా మాత్రం ఇప్పటికీ మోరిలో చేత్తోనే. భాయ్‌జాన్ ఊళ్లోనే ఉంటున్నాడు. అతని బట్టలు మిషన్‌లో వేసేది, తీసేది, ఆరేసేది భాబీయే.