పిలుపు రాని మైలురాళ్ళు

మా 2004–08 బ్యాచ్ చదువు ముగించిన ఏడాదే జేఎన్‌టీయూ నాలుగు విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. మాది అనంతపురం కాలేజీ. 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో మా సీమకు తరలివచ్చిన కాలేజీ. అక్కడి పిల్లలకు హైదరాబాదు కన్నా బెంగళూరే దగ్గర. అందుకే మాలో చాలామందిమి మారతహళ్ళి గదుల్లో దిగాం.

ఆ సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది. చేతిలో ఆఫర్ లెటర్లున్నా చేరే తేదీలు వాయిదా పడుతూ పోయాయి. జీతం వచ్చేవాడు అద్దె కట్టాడు, రానివాడు వంట చేశాడు. ఎవరూ లెక్క రాసుకోలేదు. ఎదురుచూసి ఎదురుచూసి కొందరు ఊళ్ళకు తిరిగిపోయారు.

ఆ తర్వాత పెళ్ళిళ్ళు. శుక్రవారం రాత్రి బస్సెక్కి కడపకో, ప్రొద్దుటూరుకో వెళ్ళి, ఓళిగలు తిని ఆదివారం రాత్రికి తిరుగుప్రయాణం. ఆ వెనకే గృహప్రవేశాలు. కృష్ణరాజపురంలో, వైట్‌ఫీల్డ్‌లో ఇరవై ఏళ్ళ అప్పు నెత్తినెత్తుకుని పాలు పొంగించారు. 2023లో వైట్‌ఫీల్డ్‌కు మెట్రో వచ్చాక ఆ ఇళ్ళ ధరలే మా ముచ్చట్లయ్యాయి. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాం. పిల్లల మార్కులు, అమ్మానాన్నల మోకాళ్ళ ఆపరేషన్లు మా మాటల్లోకి వచ్చాయి.

పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు పిలుపులు వచ్చే సందర్భాలు. శుభానికి పిలిస్తే వెళ్ళాలి, కష్టానికి పిలవకపోయినా వెళ్ళాలి అని మా పెద్దలు చెప్పేవాళ్ళు. ఆ మాట విలువ నాకు 2021 మే నెలలో తెలిసింది. హిందూపురంలో ఒక మిత్రుడి తండ్రిని కోవిడ్ తీసుకుపోయింది. వాడు అమెరికాలో ఉన్నాడు. “నాయన పోయినాడు రా” అన్నాడు ఫోనులో. రమ్మని అడగలేదు. అప్పుడు ఆంధ్రలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. నేనూ, మాలో మరొకడూ తెల్లవారకముందే బయల్దేరి, కొడికొండ చెక్‌పోస్టు దాటి, లేపాక్షి మీదుగా చేరుకున్నాం. దాయాది తలకొరివి పెడుతుంటే ఫోను ఎత్తి పట్టుకుని వాడికి చూపించాను. అంతకుముందు వాడి పెళ్ళిలో మేమంతా తీయించుకున్న ఫొటో కన్నా ఆ ఉదయమే మమ్మల్ని ఎక్కువ దగ్గర చేసింది.

అప్పటినుంచి నేను మైలురాళ్ళను వేరుగా చూస్తున్నాను. ప్రమోషన్ వచ్చినప్పుడు నిమిషంలో అభినందనలు వచ్చిపడతాయి. ఉద్యోగం పోయినవాడు మాత్రం మెల్లగా మాటలు తగ్గిస్తాడు. పెళ్ళి కానివాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు కలయికలకు రావడం మానేస్తారు. వాళ్ళకు మా మీద ప్రేమ తగ్గి కాదు. మేం అడిగే ప్రశ్నల్లో వాళ్ళ జీవితానికి చోటు లేక.

2009లో ఊరికి తిరిగిపోయినవాళ్ళలో ఒకడు చీనీ (బత్తాయి) తోట పెట్టాడు. చీనీ చెట్టు కాపుకు రావాలంటే నాలుగైదేళ్ళు పడుతుంది. బోరులో నీళ్ళు ఎప్పుడు అడుగంటుతాయో తెలియని నేలలో అన్నేళ్ళు మొక్కల్ని బతికించుకోవడం మా ఏ పదోన్నతికీ తీసిపోయే పని కాదు. తొలి కాపు కోసిన రోజు వాడు మాకెవరికీ చెప్పలేదు. మేం పట్టించుకుంటామని వాడికి అనిపించలేదు. ఆ తప్పు మాది.

ఈసారి కలయిక బెంగళూరు రిసార్టులో వద్దు, ఆ తోటలో పెట్టుకుందామని మావాళ్ళందరికీ చెబుతున్నాను. ఒక్కొక్కరం ఒక్కో దూరమైన మిత్రుణ్ణి వెంటబెట్టుకుని రావాలి. వచ్చినవాణ్ణి ఏం చేస్తున్నావని కాదు, ఎలా ఉన్నావని అడగాలి. చదువుకున్న నాలుగేళ్ళు మమ్మల్ని క్లాస్‌మేట్లను చేశాయి. ఇక మీదట స్నేహితులుగా ఉండటం మా చేతిలో పని.