ఆవకాయ జాడీ, అదనపు ట్యాంకు

పెట్టె మూత మీద మావాడు కూర్చుంటే గానీ జిప్పు పడలేదు. తూకం వేస్తే 26 కిలోలు. ఒక్కో పెట్టె 23 దాటకూడదు. మూడు కిలోలు తీసెయ్యాలి. ఏది తీయను? ఆవకాయా, కందిపొడా, బాలింతకి పనికొస్తుందని అమ్మ దగ్గరుండి కొట్టించిన శొంఠి పొడా?

బోస్టన్‌లో మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. "ఆరు నెలలు ఉండాల్సిందే అమ్మా" అంది ఫోన్లో. సరేనన్నాను కానీ మనసు మనసులో లేదు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ మా దగ్గరే ఉంటోంది. 78 ఏళ్ళు. నేను వెళ్ళినన్నాళ్ళూ తమ్ముడింట్లో ఉండాలి. వాళ్ళు బాగానే చూసుకుంటారు. కానీ ఆరు నెలలనే సరికి అమ్మ "అలాగే వెళ్ళిరా" అని మజ్జిగ చిలకడానికి లేచిపోయింది. ఆ లేవడం నాకు తెలుసు.

ఆ సాయంత్రం పెట్టె పక్కనే కూర్చుని అమ్మ అడిగింది. "మధ్యలో ఎక్కడా దిగకుండా ఒకేసారి వెళ్ళే విమానం లేదుట్రా?"

మావాడు మెకానికల్ మూడో సంవత్సరం. విమానాలంటే పిచ్చి. అడిగిందే చాలని మొదలుపెట్టాడు.

"బోస్టన్‌కి లేదు గానీ అమ్మమ్మా, 2021 జనవరిలో ఎయిర్ ఇండియా వాళ్ళు హైదరాబాదు నుంచి షికాగోకి నేరుగా ఒకటి వేశారు. బోయింగ్ 777-200 ఎల్ఆర్. ఆ రకంలో మామూలు ట్యాంకులు చాలకపోతే వెనక సామాన్ల అరలో ఇంకో మూడు దాకా పెట్టించుకోవచ్చు."

"సామాన్లు పెట్టే చోటా? మరి సామాన్లో?"

"ఆ మేరకు తగ్గించుకోవడమే."

"అంటే ఆవకాయ చోట కిరసనాయిలు పోసుకుంటారన్నమాట!"

అందరం నవ్వాం. తీరా చూస్తే విమానంలో పోసేది నిజంగానే కిరసనాయిలు జాతిదేనట.

మామూలుగా విమానానికి ఇంధనం రెక్కల్లోనూ, రెండు రెక్కల మధ్య పొట్టలోనూ ఉంటుంది. ఇంకా దూరం వెళ్ళాలంటే సామాన్ల అరలో అదనపు ట్యాంకులు బిగిస్తారు. ఎయిర్‌బస్ ఎ321 ఎల్ఆర్ అనే చిన్న విమానానికి ఇలాంటివి మూడు దాకా పెట్టొచ్చు. ఒక్కోదానిలో సుమారు 3,000 లీటర్లు. వాటితో 7,400 కిలోమీటర్ల దాకా వెళ్ళగలదు. మనుషుల కాళ్ళ కిందే ఉంటుంది కాబట్టి గిన్నెలో గిన్నె పెట్టినట్టు రెండు గోడలతో కడతారు.

నాకు నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఈ ట్యాంకులోది నేరుగా ఇంజనుకి పోదు. గాలి ఒత్తిడితో ముందు మధ్య ట్యాంకులోకి తోస్తారు, ఆ తర్వాతే ఇంజనుకి. మన పోపుల డబ్బాలో దాచిన డబ్బూ అంతేగా! నెలాఖరున ఎవరికీ తెలియకుండా ఇంటి ఖర్చులో కలుస్తుంది, ఆ నెల గడిచిపోతుంది.

తర్వాత ఎ321 ఎక్స్ఎల్ఆర్ అని ఇంకోటి చేశారు. దానిలో వెనక ట్యాంకు విడిగా బిగించేది కాదు, విమానం ఒంట్లోనే కట్టేశారు. 12,900 లీటర్లు పడుతుంది, విడి ట్యాంకుల కంటే చోటు తక్కువ తింటుంది. 8,700 కిలోమీటర్లు వెళ్తుంది. నిప్పంటుకుంటే ఎలాగని అధికారులు ప్రత్యేకంగా షరతులు పెట్టి, అన్నీ చూసుకుని 2024 జులైలో అనుమతి ఇచ్చారు. ఆ నవంబరులో ప్రయాణికులతో మొదటిసారి అట్లాంటిక్ దాటింది మాడ్రిడ్ నుంచి ఎక్కడికనుకున్నారు? బోస్టన్‌కే! "అక్క వాళ్ళ ఊరికే" అని మావాడు ఆ విమానం తనదే అన్నంత సంబరపడ్డాడు.

"అయితే ప్రతి విమానానికీ నాలుగు ట్యాంకులు ఎక్కువ పెట్టేస్తే పోలా?" అన్నాను.

"అలా కుదరదమ్మా. ట్యాంకుకి బరువుంది, ఇంధనానికి బరువుంది. ఆ బరువు మోయడానికే మళ్ళీ కొంత ఇంధనం కాలుతుంది. సామాన్లకి చోటు పోతుంది. అందుకే ఏ దారికి ఎంత కావాలో లెక్కేసుకుని అంతే పోసుకుంటారు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దూరం వెళ్ళడానికి ఏదో ఒకటి దింపక తప్పదు. నేను దింపుతున్నది అమ్మని. అది తప్పదు, ఎందుకంటే అక్కడ నా బిడ్డ ఒక్కతే ఉంది. కానీ ఎంత దూరానికి ఎంత అని నేను లెక్కే వేసుకోలేదు. ఆరు నెలలని అమ్మాయి అంది, నేను తలూపాను. కూతురు అడిగితే ఎక్కువే ఇవ్వాలి, తక్కువ ఇస్తే తల్లి కానట్టే అనుకున్నాను.

తెల్లారి ఫోన్ చేశాను. "మూడు నెలలుంటానే. తర్వాత మీ అత్తగారు వస్తానంటున్నారుగా, రానీ. ఇక్కడ అమ్మమ్మ ఉంది."

అవతల కాసేపు మాట లేదు. నా గుండె జారిపోయింది. తర్వాత అంది, "నేనే అడుగుదామనుకున్నానమ్మా, అమ్మమ్మ అన్నాళ్ళు ఎలా ఉంటుందని. నువ్వు నొచ్చుకుంటావని ఊరుకున్నా."

చూశారా, ఇద్దరం ఒకరి కోసం ఒకరం అక్కర్లేని బరువు మోస్తున్నాం!

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి అమ్మ పెట్టె తెరిచి కూర్చుంది. నా చీరలు ఆరు తీసి పక్కన పెట్టింది.

"మూడు నెలలకి ఇన్ని చీరలెందుకే?" అంటూ ఆవకాయ సీసా చుట్టూ పాత తువ్వాలు చుట్టి లోపల సర్దింది.

తూకం వేశాం. ఇరవై మూడుకి ఇంకా కాస్త తక్కువే ఉంది. ఆ కాస్తలో ఇంకో శొంఠి పొడి పొట్లం పెట్టింది.