కొత్త టైరు ముందుకా, వెనక్కా?

చిత్తూరు ఎండలకు తట్టుకోలేనివాళ్లు పరుగెత్తే చోటు హార్సిలీ హిల్స్. మదనపల్లె నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. ఎత్తు సుమారు 4,100 అడుగులు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి.హార్సిలీ ఇక్కడ ఇల్లు కట్టుకున్నాక ఆయన పేరే కొండ పేరైంది. కార్తీకమాసంలో తెల్లవారుజామున వెళ్తే పొగమంచులో ఎదుటి మలుపు కూడా కనిపించదు. రోడ్డంతా తడి తడి.

అలాంటి ఒక ఉదయం సైకిల్ మీద కొండ దిగుతున్నాను. మలుపులో రాలిన ఆకుల మీద ముందు చక్రం సర్రున జారింది. ఏం జరిగిందో తెలిసేలోపే కింద పడ్డాను. మోచేయి దోక్కుపోయింది! అప్పటికి వారం కిందటే కొత్త టైరు వేయించాను... వెనక చక్రానికి.

మదనపల్లెలో సైకిల్ షాపు పెద్దాయన ముందు టైరును గోటితో నొక్కి చూశాడు. ఏళ్లనాటి రబ్బరు. గట్టిపడి, పగుళ్లు తేలింది.

"ఎనక టైరు జారితే కాలు ఆనించుకోవచ్చు సామీ. ముందరిది జారితే పడాల్సిందే. మంచి టైరు ఎప్పుడూ ముందరికే ఎయ్యాల" అన్నాడు.

మనం చేసేది దీనికి ఉల్టా. బరువు, తొక్కుడు ఎక్కువగా వెనక చక్రం మీదే పడతాయి కనుక అదే త్వరగా అరుగుతుంది. అరిగినచోటే కొత్తది వేయించి ఊరుకుంటాం. పెద్దాయన మాత్రం ముందున్నది బాగుంటే దాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందుకు వేస్తాడు.

నిజంగా మంచు కురిసే దేశాల్లోనూ ఇదే సూత్రం. ఫిన్లాండ్‌లోని ఊలు నగరంలో చలికాలమంతా సైకిళ్లు తిరుగుతూనే ఉంటాయి. చలికాలపు సైకిల్ ప్రయాణాలపై తొలి అంతర్జాతీయ సదస్సు 2013లో జరిగింది అక్కడే. గడ్డకట్టిన మంచు మీద మామూలు రబ్బరు నిలవదు. అందుకే గట్టి లోహపు మొనలు దిగేసిన టైర్లు వాడతారు. అలాంటిది ఒక్కటే కొనగలిగితే ముందు చక్రానికే! మన దగ్గర తుమ్మముళ్లు టైరులో దిగుతాయి, అక్కడ టైరుకే ముళ్లు మొలుస్తాయన్నమాట.

మనకు ఆ ముళ్ల టైర్లు అక్కర్లేదు. మెత్తటి, పగుళ్లు లేని రబ్బరు చాలు. గాలి మరీ బిర్రుగా కొట్టించకుండా, టైరు పక్కన ముద్రించిన హద్దుల్లోనే కాస్త తగ్గిస్తే తడిరోడ్డు మీద పట్టు పెరుగుతుంది. పాత ఇనుప రిమ్ములు తడిస్తే బ్రేకులు సరిగా పడవు. కనుక మలుపు రాకముందే వేగం తగ్గించాలి.

ఈ ఆదివారం మీ పిల్లల సైకిల్ ముందు టైరును ఒక్కసారి గోటితో నొక్కి చూడండి. నా మోచేతి మచ్చ అందుకైనా పనికొస్తుంది!