కాళీఘాట్‌లో నిర్మల్ హృదయ్

కోల్‌కతాలో కాళీఘాట్ మెట్రో స్టేషన్‌లో దిగి, మందారమాలలు అమ్మే దుకాణాల మధ్యగా గుడివైపు నడిస్తే, ఆలయం పక్కనే ఒక పాత కట్టడం కనిపిస్తుంది. ఒకప్పుడు అది అమ్మవారి దర్శనానికి వచ్చే యాత్రికుల సత్రం. 1952 ఆగస్టు 22 నుంచి నిర్మల్ హృదయ్. ఇల్లూ వాకిలీ లేక వీధిలోనే జబ్బున పడ్డవారు, ఆసుపత్రులు చేర్చుకోనివారు ఆఖరి రోజులు గడిపే చోటు.

మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి 1950 అక్టోబరు 7న గుర్తింపు వచ్చింది. మరో రెండేళ్లు నిండకముందే ఈ ఇల్లు మొదలైంది. కరువునూ దేశవిభజననూ చవిచూసిన కలకత్తాలో అప్పటికి కాలిబాటలే వేలమందికి ఇళ్లు. చనిపోయేవారికి కాస్త చోటు చూపమని ఆమె అడిగితే నగరపాలక సంస్థ సత్రాన్ని ఇచ్చింది. మతం మార్చడానికే వచ్చారని చుట్టుపక్కలవారు మొదట అభ్యంతరం చెప్పారు. క్షయతో బాధపడుతున్న ఒక ఆలయ పూజారిని సిస్టర్లు చేరదీసి సేవ చేశాక ఆ కోపం చల్లారిందని చెబుతారు.

లోపల ముందుగా మగవారి హాలు. నేలకు బాగా దగ్గరగా వరుస మంచాలు, ఒక్కోదానికి ఒక్కో అంకె. వంటగది, స్నానాల గది దాటితే ఆడవారి హాలు. పొద్దున్నే సిస్టర్లు ఉండే మదర్ హౌస్‌లో ప్రార్థన ముగించుకుని, టీ, రొట్టె, అరటిపండు తీసుకుని స్వచ్ఛంద సేవకులు బస్సుల్లో ఇక్కడికి చేరతారు. వచ్చీ రాగానే ఎవరి పక్కనా కూర్చోరు. ముందు దుప్పట్లు ఉతకాలి, పిండాలి, మేడమీద ఆరేయాలి. ఎవరినైనా ఓదార్చాలని తపిస్తూ వచ్చినవారికి మొదట దొరికేది తడిసి బరువెక్కిన దుప్పటి. ఈ వరుస సరైనదే. మురికిపట్టిన పక్కమీద పడి ఉన్నవాడికి మాటకన్నా ముందు కావలసింది ఉతికిన బట్ట.

తరువాత స్నానం, పుళ్లకు కట్లు, భోజనం. వణికే చెయ్యి గ్లాసు పట్టలేకపోతే, ఒక చేత్తో తల వెనక ఆసరా ఇచ్చి, రెండో చేత్తో గ్లాసు పెదవికి ఆనించాలి. గుటక పడిందో లేదో గొంతు కదలిక చూసి తెలుసుకోవాలి. తొందరపడితే పొలమారుతుంది. బెంగాలీ రాని సేవకులకు ఇక్కడ ముందుగా అవసరమయ్యేవి చిన్న మాటలే: జొల్ అంటే నీళ్లు, బ్యథా అంటే నొప్పి.

క్రైస్తవులకు ఈ పనికి మూలం మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఉంది. ఆకలిగొన్నవాడికి, పరదేశికి, బట్ట లేనివాడికి, రోగికి చేసిన సేవ క్రీస్తుకే చేసినట్టని అక్కడి బోధ. సిస్టర్లు దీన్ని ఉపమానంగా కాదు, ఉన్నది ఉన్నట్టుగా నమ్ముతారు. కట్టు కట్టడం వారికి ఆరాధనలో భాగం. అయినా ప్రాణం పోయేవేళ ఎవరి మతాచారం వారిదే: హిందువు నోట గంగాజలం, ముస్లింకు ఖురాన్ పఠనం, క్యాథలిక్కుకు అవస్థాభ్యంగనం.

బ్యథా అన్న మాటకు ఈ ఇల్లు ఇచ్చిన జవాబు మాత్రం చాలలేదు. 1994లో లాన్సెట్ వైద్యపత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ ఇక్కడి శుభ్రతను, ఆప్యాయతను మెచ్చుకుంటూనే, రోగనిర్ధారణ సరిగా జరగడంలేదని, బలమైన నొప్పి మందులు లేవని రాశారు. ఆ విమర్శ న్యాయమైనది. చేతిని పట్టుకుని కూర్చోవడం గొప్పదే, కానీ పుండు సలుపుతున్నప్పుడు మందు కూడా కావాలి. మాన్పగల జబ్బును మరణంగా చూడకుండా ఉండడమూ ప్రేమలో భాగమే.

ఇలాంటి చోటు అవసరం ఇంకా తీరలేదు. 2011 జనగణనలో దేశంలో ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షలుగా తేలారు. లక్ష జనాభాకు ఒక రాత్రి ఆశ్రయం చొప్పున నగరాల్లో ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. నిర్మల్ హృదయ్ రెండు హాళ్లలో పట్టేది సుమారు వందమంది. దాని పేరు పెట్టుకున్న ఇల్లు మన విజయవాడలోనూ ఉంది. కాళీఘాట్‌లో గురువారం సేవకులకు సెలవు. మిగతా రోజుల్లో ఉతకాల్సిన దుప్పట్లు ఉంటూనే ఉంటాయి, చేతులే చాలవు.