గెట్ అంటే పొందు

నాన్నగారి పుస్తకాలలో నా వాటాకు వచ్చినది శంకరనారాయణగారి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒక్కటే. అట్టలు ఊడిపోతే గోధుమరంగు కాగితం అంటించి కాపాడుకున్న పాత ప్రతి అది. మొన్న దుమ్ము దులుపుతుంటే ‘గెట్’ అన్న మాట ఉన్న పుట దగ్గర దానంతటదే తెరుచుకుంది. అంచుల నిండా పెన్సిలుతో రాసిన నాన్నగారి సన్నని అక్షరాలు. ఆ పుటను చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. ఆరో తరగతికి వస్తేగాని ఇంగ్లీషు అక్షరాలు కంటపడని చదువులు మావి. దానికి ముందు వేసవిలో ఆయన నన్ను అరుగుమీద కూర్చోబెట్టుకుని క్రియలు వల్లె వేయించారు. ‘గో’ అంటే వెళ్ళు, ‘కమ్’ అంటే వచ్చు, ‘గెట్’ అంటే పొందు. ఒక మాటకు ఒక అర్థం. అంతకు మించి అడిగితే “ముందు ఇది రానియ్యి” అనేవారు.

ఆ ‘పొందు’తోనే డిగ్రీ దాకా నెట్టుకొచ్చాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో కథ అడ్డం తిరిగింది. పై అధికారి ఏదో వివరించి “గెట్ ఇట్?” అన్నాడు. ఏమి పొందాలో తెలియక ఆయన చేతులవంక చూశాను. “గెట్ మీ దట్ ఫైల్” అన్నప్పుడు ఆ ఫైలును పొందవలసినది నేనో ఆయనో తేల్చుకోలేకపోయాను. “లెట్స్ గెట్ గోయింగ్” అన్ననాడు పొందటమూ వెళ్ళటమూ ఒకదానినొకటి పట్టుకుని పొడుపుకథలా నా ఎదుట నిలిచాయి. చుట్టూ ఉన్నవారు నవ్వారు. నా సిగ్గునంతా తీసుకువెళ్ళి నాన్నగారి మీద పెట్టాను. “మీరు నాకు తప్పు నేర్పారు” అని ఆ పండుగ సెలవులలో ఆయన ముఖం మీదనే అనేశాను. ఆయన నొచ్చుకున్నట్టు కనపడలేదు. “అయితే ఇంకా ఏమేమి అర్థాలు ఉన్నాయో చెప్పు, రాసుకుంటాను” అన్నారు.

ఈ తికమక నా ఒక్కడిదే కాదని తరువాత తెలిసింది. 1755లో వెలువడిన తన నిఘంటువుకు పీఠిక రాస్తూ సామ్యూల్ జాన్సన్, తన శ్రమను మరీ పెంచిన కొన్ని క్రియలను పేరుపేరునా చెప్పాడు. వాటి అర్థాలు వదులుగా ఉండి, మొదటి భావం నుంచి ఎటెటో వెళ్ళిపోతాయని ఆయన బాధ. ఆ జాబితాలో ‘గెట్’ కూడా ఉంది. 1930లో సి.కె. ఆగ్డెన్ 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లీష్’ను రూపొందించినప్పుడు క్రియలను 18కి కుదించాడు. అందులోనూ ‘గెట్’ నిలిచింది. చూడటానికి ఎంతో సులువు. కాని వాటి పక్కన అప్, ఆన్, ఓవర్, త్రూ వంటి పొట్టి మాటలు చేరగానే పుట్టుకొచ్చే అర్థాలను మళ్ళీ వేరుగా నేర్చుకోవలసిందే. మాటల సంఖ్య తగ్గింది గాని నేర్చుకునేవాడి బరువు తగ్గలేదు.

ఇంగ్లీషువాడు కోపం వచ్చినా, జలుబు చేసినా, ఆకలి వేసినా తానే కర్తగా నిలబడి అన్నిటికీ ‘గెట్’ అనగలడు. మనకు కోపం వస్తుంది, జలుబు చేస్తుంది, ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది. దేని క్రియ దానిదే. పైగా అన్ని చోట్లా మనిషి ‘నాకు’ అంటూ పక్కకు తప్పుకుంటాడు. ఇక్కడ ‘పొందు’ను ఎక్కడ ఇరికించినా వాక్యం నోట పలకదు.

అలాగని మనం మాత్రం తక్కువ తిన్నామా? మన ‘పడు’నే చూడండి. వాన పడుతుంది, నెల తిరిగితే జీతం పడుతుంది. భయపడతాం, ఇష్టపడతాం, కష్టపడతాం. ‘పడు’ అంటే కింద పడటమని మాత్రమే నేర్చుకున్న పరభాషవాడు “ఆ అత్తాకోడళ్ళకు పడదు” అన్న మాట వింటే, ఎవరు ఎక్కడి నుంచి పడలేదో అని వెతుక్కోడా? నన్ను చూసి వాళ్ళు నవ్వినట్టే అతనిని చూసి మనమూ నవ్వుతాం.

నాన్నగారు పోయిన నెలకు మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాను. తెలుగు రాని సహోద్యోగి ఒకాయన భుజం మీద చేయి వేసి “యూ విల్ గెట్ ఓవర్ ఇట్” అన్నాడు. మంచి మనసుతో అన్న మాట. దాని అర్థం అప్పటికి నాకు బాగానే తెలుసు. అయినా ఇన్నేళ్ళ తరువాత ఆ క్షణాన నా చెవిలో మోగినది అరుగుమీది ‘పొందు’. ఆ వెనుకనే ‘ఓవర్’. ఏదో గోడ ఎక్కి, నాన్నగారిని ఇవతలనే వదిలి, అవతలికి దూకేయమన్నట్టు తోచింది. మరచిపోవటాన్ని చెప్పే ‘ఫర్గెట్’లో ఉన్నదీ ఈ ‘గెట్టే’. చేతిలోని పట్టు జారిపోవటం దాని మూలార్థం. దాటటమూ, పట్టు వదలటమూ రెండూ నాకు చేతకానివే అనిపించింది.

అదే వారం ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ అమ్మ “తేరుకుంటాంలే నాన్నా” అంది. నా చిన్నప్పుడు వానాకాలంలో ఆమె ఎర్రని కాలువనీళ్ళు బిందెలో పోసి, చిల్లగింజ అరగదీసి అందులో కలిపేది. తెల్లవారేసరికి నీళ్ళు తేరుకునేవి. ఒండ్రు ఎక్కడికీ పోయేది కాదు, అడుగున ఉండేది. బిందె కదపకుండా పైనీళ్ళు ముంచుకునేవాళ్ళం. పొరపాటున చెంబు లోతుగా దిగితే మళ్ళీ కాసేపు ఆగవలసి వచ్చేది. అమ్మ అన్న మాటలో నాన్నగారిని విడిచి వెళ్ళవలసిన పని లేదు.

ఇక నిఘంటువు సంగతి. ‘గెట్’ చుట్టూ నాన్నగారు రాసుకున్నవి లెక్కపెట్టాను, నలభై మూడు. ‘గెట్ అప్, లేచు’. ‘గెట్ వెట్, తడియు’. ‘గెట్ ఆన్, ఎక్కు; పొసగు’. నేను సెలవులకు వచ్చినప్పుడు విసుగ్గా చెప్పినవి కొన్ని, పత్రికలలో ఆయన ఏరుకున్నవి మరికొన్ని. చివరి వరుసల్లో అక్షరాలు వణికాయి. అంటే పదవీ విరమణ చేసి చాలా ఏళ్ళయిన తరువాత కూడా ఆయన ఈ పని మానలేదు. ‘గెట్ ఓవర్’కు ఎదురుగా ‘దాటు’ అని రాసి కొట్టివేశారు. పక్కన ఒక ప్రశ్నార్థకం ఉంచారు.

నిన్న దాని కింద నేనూ పెన్సిలుతోనే ‘తేరుకొను’ అని రాశాను. సరిపోయిందో లేదో చెప్పటానికి ఆయన లేరు. ఆనాడు అన్న మాటను వెనక్కి తీసుకుంటానని చెబితే వినటానికీ లేరు. ఆయన నాకు తప్పు నేర్పలేదు. మొదటి అర్థం నేర్పి, మిగతావి నా దగ్గర నేర్చుకోవటానికి సిద్ధపడ్డారు.

ఇంతకంటె మంచి మాట మీకు తోస్తే చెప్పండి. ఆ అంచులో ఇంకా కొంచెం చోటుంది.