నురగ లేకపోతే స్నానం కానట్టేనా?

మహదేవపురలో కొత్తగా దిగిన మనవాళ్ళు నెల తిరక్కుండా అడిగే మాట ఒకటుంది: "ఇక్కడ సబ్బుకి నురగే రాదేంటండీ?" తప్పు సబ్బుది కాదు, నీళ్ళది. ఇటువైపు చాలా ఇళ్ళకి బోరు, ట్యాంకరే దిక్కు. ఆ గట్టినీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. బకెట్ అంచున జిడ్డుగా పట్టేది అదే. నురగ రాలేదని మనం ఇంకాస్త రుద్దుతాం, చిక్కంతా అక్కడే. చర్మం పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటే, మామూలు సబ్బుది 9, 10 దాకా ఉంటుంది. రుద్దినకొద్దీ ఒంట్లోని సహజమైన చమురు పోతుంది.

మా అత్తగారికి 78 ఏళ్ళు. పొద్దున మడి స్నానం, సాయంత్రం దీపం ముందు మరోటి. కాళ్ళు తెల్లగా పొట్టు లేచి రాత్రంతా దురద. అలాగని స్నానం మానమని ఎవరు చెప్తారు? "నురగ రాకపోతే స్నానం చేసినట్టుండదే" అంటారావిడ. మోక్షగుండం వారు దివానుగా ఉండగా, 1916లో మొదలైన మైసూర్ శాండల్ వాసనంటే ఆవిడకి ప్రాణం.

నిజానికి నురగ వేరు, శుభ్రం వేరు. మన సున్నిపిండికి నురగే లేదు, అయినా నలుగు పెడితే జిడ్డంతా పిండే పీల్చేస్తుంది. కుంకుడురసం గట్టినీళ్ళలోనూ నురుగుతుంది, దాంట్లోని సాపోనిన్లు కాల్షియంతో తెట్టు కట్టవు కాబట్టి. (ఇక్కడి అంగట్లో 'అంటువాళకాయి' అని అడగండి.) కానీ కంట్లో పడితే ఎలా మండుతుందో మన తరానికి చెప్పక్కర్లేదు. చెట్టున కాసిందల్లా సున్నితం కాదు.

నురగా, సున్నితమూ రెండూ కావాలంటే ఇప్పటివాళ్ళ కిటుకు కలపడంలో ఉంది. సోడియం లారెత్ సల్ఫేట్ ఒక్కటే అయితే నురగ బాగా వస్తుంది గానీ చర్మాన్ని చురచురలాడిస్తుంది. దానికి కొబ్బరినూనెతో చేసే కోకమిడోప్రొపైల్ బీటైన్ కలిపితే రెండిటి అణువులూ గుంపులు కడతాయి. చర్మాన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది విడిగా తిరిగే అణువులు, అవి తగ్గిపోతాయి. నురగ కూడా చిన్న చిన్న బుడగలతో మీగడలా చిక్కబడుతుంది. బిళ్ళ కావాలంటే అట్ట మీద సోడియం కోకోయిల్ ఐసెథయోనేట్ అన్న పేరు ముందు వరసలో ఉందేమో చూడండి. అది గట్టినీళ్ళలోనూ తెట్టు కట్టదు.

ఇప్పుడు అత్తగారికి ఆ బిళ్ళే, అదీ చంకలకీ పాదాలకీ మాత్రం. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు. తడి ఆరకముందే కాళ్ళకి కొబ్బరినూనె. రెండు స్నానాలూ సాగుతున్నాయి, రాత్రి నిద్రా పడుతోంది. చందనం సబ్బు మాత్రం ఇంట్లోంచి పోలేదు. ఆవిడ పట్టుచీరల బీరువాలో, కాగితం విప్పకుండా ఉంది.